ఇంటి పెద్ద ఎవరు? జర్మన్ గడపలోనూ, తెలుగు గడపలోనూ

మన సంఘాల పండుగలలో, భోజనాల దగ్గర, రెండు మాటలు తరచు వింటూ ఉంటాం. పెద్దలు అంటారు: "ఇక్కడివాళ్లకు కుటుంబం అంటూ ఏముంది? ఆడది ఇల్లు చూసుకోవడం, మగవాడు సంపాదించుకు రావడం, అది మన సంప్రదాయం." ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు అంటారు: "మీ పూజలూ వ్రతాలే అమ్మను వంటింట్లో కట్టిపడేశాయి. జర్మనీలో మొదటినుంచీ ఆడా మగా సమానమే." ఇద్దరూ నమ్మకంగానే అంటారు. ఇద్దరి మాటా చరిత్రకు నిలవదు. దేవుడి పేరుతో ఇంటికి ఒక పెద్దను నిలబెట్టి, ఆ పెద్ద మగవాడే అని చెప్పడం రెండు దేశాలలోనూ జరిగింది. పుస్తకంలో ఉన్న ఆ మాట చట్టంలోకి ఎక్కడమూ, ఆ చట్టాన్ని మార్చడానికి మనుషులు పూనుకోవడమూ రెండుచోట్లా జరిగాయి. ఈ రెండు కథలూ మన ఊళ్లలోనే ఒకసారి ఎదురుపడ్డాయి కూడా. ఆ సంగతులు కొన్ని ఈ సంచిక చదివే కుటుంబాలకు చెప్పాలని మా ప్రయత్నం.

జర్మన్ కథను విట్టెన్‌బెర్గ్ నుంచి మొదలుపెట్టాలి. 1523 ఈస్టరు రోజుల్లో నింబ్‌షెన్ అనే చోట ఒక కన్యాశ్రమం నుంచి కొందరు సన్యాసినులు రాత్రివేళ తప్పించుకున్నారు. టోర్గావ్ పట్టణపు వర్తకుడొకడు వాళ్లను తన బండిలో దాటించాడు. ఆ సన్యాసినులలో ఒకరు కాథరీనా ఫాన్ బోరా. రెండేళ్ల తర్వాత, 1525 జూన్ 13న, ఆమెకూ మార్టిన్ లూథర్‌కూ వివాహం జరిగింది. సన్యాసం వదిలిన గురువుకు, సన్యాసం వదిలిన వధువుతో పెళ్లి! ఐరోపా అంతా ముక్కున వేలు వేసుకుంది. అంతకుముందు క్రైస్తవంలో బ్రహ్మచర్యానిది పెద్దపీట. లూథర్ ఆ పీట తెచ్చి సంసారానికి వేశాడు. పిల్లల్ని పెంచడం, వంట చేయడం, బట్టలు ఉతకడం కూడా దైవసేవే అన్నాడు. ఇందులో ఆడవారికి గౌరవం దక్కింది, నిజమే. కాని మఠమనే దారి మూసుకుపోయింది. పెళ్లి కాకుండా చదువుకుంటూ బతకాలనుకున్న స్త్రీకి అప్పట్లో ఉన్న చోటు ఆ మఠం ఒక్కటే.

లూథర్ 1529లో చిన్న కేటకిజం అనే ప్రశ్నోత్తరాల పుస్తకం రాశాడు. అందులో ప్రతి భాగం మొదటా ఒక సూచన ఉంటుంది: ఇంటి యజమాని తన ఇంటివారికి దీన్ని ఇలా నేర్పాలి, అని. చివర ఒక ధర్మాల పట్టిక ఉంటుంది. భర్త ఎలా నడచుకోవాలి, భార్య ఎలా అణిగి ఉండాలి, పిల్లలూ పనివాళ్లూ ఎవరి మాట వినాలి అని బైబిలు వచనాలు ఏరి కూర్చిన పట్టిక అది. జర్మన్‌లో దాని పేరు హౌస్‌టాఫెల్. కొన్ని తరాలపాటు జర్మన్ పిల్లలు దాన్ని కంఠస్థం చేశారు. చర్చిలో పాస్టరు ఎలాగో, ఇంట్లో తండ్రి అలాగ. మన స్మృతులు ఆడదాన్ని చిన్నప్పుడు తండ్రికీ, పెళ్లయ్యాక భర్తకూ, ముసలితనంలో కొడుక్కూ అప్పగించాయి గదా. లూథర్ పట్టిక అంత దూరం పోలేదు గాని, దిక్కు అదే.

అయితే పుస్తకంలో రాసిన ఇల్లు వేరు, లూథర్ కాపురమున్న ఇల్లు వేరు. పాత మఠం భవనంలో కాపురం పెట్టి కాథరీనా చేసిన సంసారం చూస్తే, మన పెద్ద కమతాల ఇళ్లలో పెత్తనం చేసిన ముసలమ్మలు గుర్తుకు వస్తారు. బీరు కాచేది. పశువుల్ని మేపించేది. విద్యార్థులను డబ్బుకు ఇంట్లో పెట్టుకుని భోజనం పెట్టేది. పొలాలు కొనేది. ఆరుగురు బిడ్డలు, వచ్చేపోయే చుట్టాలు. లూథర్‌కు లెక్కలు తెలియవు, చేతిలో డబ్బు నిలవదు. భార్యను వేళాకోళంగా "కేటె దొరగారు" అనేవాడు. వేళాకోళమే గాని అందులో నిజం ఉంది.

1542లో లూథర్ వీలునామా రాశాడు. వకీళ్లను పిలవలేదు. భార్యనే వారసురాలిగా, పిల్లలకు దిక్కుగా పెట్టాడు. తల్లికంటె పిల్లలకు మంచి సంరక్షకుడు ఎవరుంటారన్నది అతని వాదం. సాక్సనీ చట్టం మాత్రం విధవకు మగ సంరక్షకుడు ఉండి తీరాలంది. 1546 ఫిబ్రవరిలో అతను చనిపోగానే చాన్సలరు బ్రూక్ అభ్యంతరం లేవదీశాడు. రాజ్యమేలే ఎలెక్టరు వీలునామాను మన్నించినా, ఆమెకూ పిల్లలకూ సంరక్షకులను నియమించక మానలేదు. ఇరవై ఏళ్లు అంత ఇంటిని నడిపిన మనిషి! తర్వాత యుద్ధాలు వచ్చి పొలాలు పాడయ్యాయి. 1552లో ప్లేగు భయంతో విట్టెన్‌బెర్గ్ విడిచి వెళుతుంటే దారిలో బండి ప్రమాదంలో దెబ్బ తగిలి, ఆ డిసెంబరులో టోర్గావ్‌లో కన్నుమూసింది. తన భార్య విషయంలో లూథర్ హృదయానికి తెలిసింది, అతని పుస్తకం చదివి పెరిగిన దేశానికి తెలియడానికి నాలుగు వందల ఏళ్లు పట్టింది.

ఇక ఆ పుస్తకాల ఇల్లు మన దేశానికి ఎలా వచ్చిందో చూద్దాం. హాలే నగరంలో ఫ్రాంకే అనే పాస్టరు అనాథ బాలలకోసం, చదువులకోసం పెద్ద సంస్థలు కట్టించాడు. అక్కడ చదువుకున్న త్సీగెన్‌బాల్గ్ 1706లో తరంగంబాడిలో దిగి, మరుసటి ఏడే ఆడపిల్లలకు బడి పెట్టాడు. ఆయన పని తమిళంలో. మన భాష వంతు బెంజమిన్ షుల్జ్‌ది. 1719లో తరంగంబాడి చేరిన షుల్జ్ 1728లో మద్రాసు వెళ్లి, తెలుగు నేర్చి, ఆ భాషకు వ్యాకరణం రాసి, బైబిలును తెలుగు చేయడానికి పూనుకున్నాడు. 1743లో స్వదేశం తిరిగివెళ్లి, 1746, 47లలో హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. అందులో చిన్న కేటకిజం ఉంది. తెలుగు అక్షరాలు మొట్టమొదట అచ్చుయంత్రం ఎక్కింది మద్రాసులో కాదు, బందరులో కాదు, ఈ జర్మనీలో అన్నమాట. అచ్చయిన వాటిలో ఇంటికి పాఠం చెప్పే పుస్తకం ఉండటం మాకు మరీ ఆశ్చర్యంగా తోస్తుంది.

పుస్తకం వెనుక మనుషులు రావడానికి మరో వందేళ్లు పట్టింది. హెల్మ్‌ష్టెట్‌లో పుట్టి అమెరికా వెళ్లిన హయ్యర్ 1842లో గుంటూరు చేరాడు. 1840ల్లోనే ఉత్తర జర్మనీ మిషను వారు రాజమండ్రి వచ్చారు గాని నిలదొక్కుకోలేక ఆ పని అమెరికా వారికి అప్పగించారు. 1865లో హెర్మాన్స్‌బుర్గ్ మిషను పక్షాన మీలియుస్ సూళ్లూరుపేటలో దిగాడు. అక్కడినుంచి నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి దాకా ఆ మిషను విస్తరించింది. మొదటి ప్రపంచయుద్ధం వచ్చి, జర్మనులు శత్రుదేశస్థులైనందున ఆంగ్ల ప్రభుత్వం వాళ్లను పంపివేసేవరకు సాగింది.

ఈ మిషను బంగళాలలోనే తెలుగువాళ్లు మొదటిసారి జర్మన్ సంసారాన్ని దగ్గరగా చూశారు. దొర, దొరసాని ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తారు, కలిసి ప్రార్థన చేస్తారు. మనవాళ్లకు అది వింత. దొరసాని ఆడపిల్లలకు కుట్టు, చదువు నేర్పేది. ఆమె నేర్పినది ఆదర్శ గృహిణి పాఠం: ఇల్లు శుభ్రంగా ఉంచుకో, భర్త మాట విను, బయటి పనికి పోకు. ఆ మిషనులో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. ఆ ఆడవాళ్లు పుట్టిన దగ్గరనుంచీ నాట్లు వేసి, కలుపు తీసి, కుప్పలు నూర్చినవాళ్లు. వాళ్లు బయటికి పోకపోతే ఆ పూట పొయ్యి వెలగదు. ఇంట్లో కూర్చునే గృహిణి పాఠం వాళ్లకు పనికిరాలేదు. ఆ పాఠంతోపాటు వచ్చిన అక్షరాలు పనికొచ్చాయి. మిషను బడిలో చదివిన పిల్లలు పంతులమ్మలయ్యారు, నర్సులయ్యారు. గడపగడపకూ తిరిగి చదివి వినిపించే బైబిలు స్త్రీలకు నెల జీతం ఉండేది. అణకువ నేర్పుదామని పెట్టిన బడి సంపాదన నేర్పింది. అమెరికా లూథరన్ మిషను తరఫున 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్‌ను మొదట డాక్టరుగా కాక, ఇళ్లలో ఆడవారికి చదువు చెప్పే పనికే పంపారు. గోషాలో ఉన్న రోగులను మగ వైద్యుడు చూడరాదు గనుక ఆమె వైద్యం నిలిచింది. ఆడవారిని మరుగున ఉంచిన ఆచారమే ఒక స్త్రీ చేత ఆసుపత్రి కట్టించింది. చరిత్రలో ఇటువంటి చమత్కారాలు చాలా ఉంటాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు శాస్త్రాలు తిరగేస్తున్నారు. విధవావివాహం శాస్త్రసమ్మతమే అని శాస్త్రంతోనే వాదించాలి గదా. చట్టం 1856లోనే వచ్చింది. పెళ్లి చేసుకునే ధైర్యం పాతికేళ్ల తర్వాత వచ్చింది. 1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములుకూ గౌరమ్మకూ పంతులుగారు పెళ్లి చేయించారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం చేశారు. ఊరు వెలివేసింది, వంటవాళ్లు రావడం మానేశారు. అప్పుడు వంట చేసింది, నీళ్లు మోసింది పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు. కాథరీనా కథ చెప్పేటప్పుడు మాకు ఈ అమ్మ గుర్తుకు రావడానికి కారణం ఇదే. మగవాళ్ల మతసంస్కరణలు రెండింటినీ వంటింట్లోంచి మోసినవాళ్లు వీళ్లు.

పంతులుగారిని దేవుణ్ణి చేయవలసిన పనిలేదు. ఆయన ఆడవారికోసం 'సతీహితబోధిని' పత్రిక నడిపారు, 'పత్నీహితసూచని' రాశారు. ఆ పేర్లే చెబుతాయి: చదువు కావాలి, ఎందుకంటే మంచి భార్య కావాలి, మంచి తల్లి కావాలి. హౌస్‌టాఫెల్‌కు ఇవి దూరపు చుట్టాలే. కాని చదవడం నేర్చిన ఆడవాళ్లు ఆయన ఇచ్చిన పుస్తకాల దగ్గరే ఆగలేదు. భండారు అచ్చమాంబగారు స్త్రీల చరిత్రలను తానే సేకరించి 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ప్రకటించారు.

ఇప్పుడు మళ్లీ జర్మనీకి వద్దాం. ఇక్కడి పిల్లలు ముఖ్యంగా వినవలసిన భాగం ఇది. 1900 జనవరి 1న అమలుకు వచ్చిన జర్మన్ పౌరస్మృతి ప్రకారం, దాంపత్య జీవితంలో అన్ని విషయాల్లోనూ నిర్ణయం భర్తది. భార్య తెచ్చుకున్న ఆస్తి మీద పెత్తనమూ, దాని రాబడీ భర్తవి. భార్య ఎక్కడైనా ఉద్యోగానికి ఒప్పుకుంటే, భర్త కోర్టు అనుమతి తెచ్చుకుని ఆ ఒప్పందం రద్దు చేయించవచ్చు. మన స్త్రీధనం సంగతి ఎరిగినవారు ఇది చదివి నవ్వుకుంటారు. మన పాత ధర్మశాస్త్రం ఎంత గట్టిదైనా, పెళ్లికూతురు నగలు ఆమెవే అన్నది. ఇక పంతులమ్మల సంగతి: 1880 నుంచి పెళ్లయిన పంతులమ్మ ఉద్యోగం మానుకోవలసిందే. 1919లో వైమార్ రాజ్యాంగం ఆ నియమాన్ని కొట్టేసినా అది మళ్లీ తలెత్తింది. బాడెన్ వ్యుర్టెంబెర్గ్‌లో 1956 వరకు ఉంది. పెళ్లిని మఠంకంటె పైన కూర్చోబెట్టిన లూథర్ దేశంలో, ఉద్యోగం చేసే ఆడదానికి మళ్లీ బ్రహ్మచర్యమే!

1948, 49లలో కొత్త రాజ్యాంగం రాయడానికి కూర్చున్న సభలో అరవై అయిదుగురు సభ్యులుంటే ఆడవారు నలుగురు. వారిలో కాసెల్ పట్టణపు వకీలు ఎలిజబెత్ జెల్‌బెర్ట్, స్త్రీ పురుషులకు సమాన హక్కులని సూటిగా ఒక్క వాక్యం పెట్టమంది. సభ ఒప్పుకోలేదు. పౌరస్మృతిలో సగం కుటుంబచట్టం కూలిపోతుందన్నారు. కూలిపోవాలనే ఆమె ఉద్దేశం. ఊరూరూ తిరిగి ఆడవారిని కదిలించింది. ఉత్తరాలు బట్టల బుట్టల కొద్దీ వచ్చి పడ్డాయి. 1949 జనవరి 18న సభ దిగివచ్చింది. విరుద్ధమైన చట్టాలను 1953 మార్చి 31లోగా మార్చాలని గడువు పెట్టారు. గడువు దాటిపోయింది, చట్టం రాలేదు. భర్త అధికారం దైవనియమమని కాథలిక్ బిషప్పులు పట్టుబట్టారు. అడెనావర్ ప్రభుత్వంలో కుటుంబశాఖ మంత్రి వ్యుర్మెలింగ్‌దీ అదే ధోరణి.

చివరకు 1958 జూలై 1న సమానత్వ చట్టం అమలుకు వచ్చింది. అందులోనూ ఒక మెలిక దాచారు: పిల్లల విషయంలో తల్లీ తండ్రీ ఏకాభిప్రాయానికి రాకపోతే ఆఖరి మాట తండ్రిది. 1959 జూలై 29న రాజ్యాంగ న్యాయస్థానం దాన్నీ కొట్టేసింది. ఆ న్యాయస్థానానికి మొదటి మహిళా న్యాయమూర్తి ఎర్నా షెఫ్లర్ ఆ తీర్పు చెప్పిన సెనేటులో ఉంది. ఇంటి పనులు ఎవరు చేయాలో దంపతులే మాట్లాడుకోవాలి, ఇద్దరికీ ఉద్యోగం చేసే హక్కు ఉంది అని చట్టం చెప్పింది 1977 జూలై 1 నుంచి. అంతవరకు ఇంటి విధులకు భంగం రాకుండా ఉంటేనే భార్య ఉద్యోగం. ఈ సంచిక చదివే తాతగారూ అమ్మమ్మగారూ అప్పటికే పెళ్లిచేసుకుని ఉంటారు. "మొదటినుంచీ సమానం" అన్న మాటకు వయసు అంతే. తూర్పు జర్మనీది వేరే దారి. 1950లోనే తల్లీబిడ్డల చట్టం చేసి, శిశుగృహాలు పెట్టి, ఆడవారిని కార్ఖానాలకు పంపారు. సాయంత్రం ఇంటికొచ్చాక గిన్నెలు కడగడం మాత్రం ఎక్కువగా ఆడవారి వంతే అయింది.

మన కుటుంబాలు ఎక్కువగా దిగింది పశ్చిమ భాగంలో. ఇక్కడ చాలా కాలం బడి మధ్యాహ్నంతో ముగిసేది. ఒంటిగంటకు పిల్లవాడు ఆకలితో ఇంటికి వస్తాడు. ఎవరో ఒకరు వంట చేసి ఎదురుచూడాలి. చట్టం మారినా గడియారం మారలేదు. ఉద్యోగానికి వెళ్లే తల్లిని జర్మన్‌లో బొంతకాకి తల్లి అని దెప్పుతారు, రాబెన్‌ముట్టర్ అని. బొంతకాకి పిల్లల్ని గూట్లోంచి తోసేస్తుందని వాళ్ల పాత నమ్మకం. మన సామెతలో కాకిపిల్ల కాకికి ముద్దు. ఈ ఒక్క పక్షి విషయంలో మనవాళ్లే నయమని మా అభిప్రాయం. మూడేళ్లు దాటిన పిల్లలకు శిశుపాఠశాలలో చోటు హక్కుగా వచ్చింది 1996లో. ఏడాది నిండిన పిల్లలకు 2013లో.

వీసా చట్టానికీ ఒక సంసారశాస్త్రం ఉంటుంది. 1960ల్లో చర్చి సంస్థల ద్వారా కేరళ నుంచి వచ్చిన నర్సులు ముందు సంపాదించారు. తర్వాత వచ్చిన భర్తలు పని అనుమతి లేక చాలాకాలం పిల్లల్ని చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయారు. 2000లో గ్రీన్‌కార్డు మీద మన కంప్యూటరు ఇంజనీర్లు వచ్చినప్పుడు బొమ్మ తిరగబడింది. భార్యలు ఉద్యోగానికి కొంతకాలం ఆగవలసి వచ్చింది. ఎమ్మెస్సీలూ ఇంజనీరింగులూ చదివిన ఆడపిల్లలు ఆ ఖాళీలో వంట నేర్చారు, వ్రతాలు పట్టారు. 2012లో బ్లూకార్డు వచ్చాక భార్యకూ వెంటనే పని చేసే వీలు కలిగింది. అమ్మ ఇంట్లో ఎందుకు ఉండిపోయిందని అడిగే పిల్లలకు మా జవాబు ఇది: అన్నివేళలా సంప్రదాయం వల్ల కాదు, కొన్నిసార్లు పాస్‌పోర్టులో వేసిన ఒక ముద్ర వల్ల.

ఆచారాలూ ఇక్కడ తమంతట తామే సర్దుకున్నాయి. రెండు గదుల ఇంట్లో "బయట ఉండటం" కుదరదు. ఆ మూడు రోజుల మడి ఎవరూ ఉద్యమం చేయకుండానే చాలా ఇళ్లలో పోయింది. శ్రావణ శుక్రవారపు వరలక్ష్మీ వ్రతం శనివారానికి జరిగింది. కథ చదవడానికి పురోహితుడు దొరక్క ఇంటి ఇల్లాలే చదువుతోంది. పెళ్లికి ముహూర్తంకంటె ముందు రిజిస్ట్రారు ఇచ్చిన తేదీ చూసుకోవాలి. పురిటికి ఆడపిల్ల పుట్టింటికి వెళ్లే బదులు పుట్టిల్లే తొంభై రోజుల వీసా మీద విమానం ఎక్కి వస్తోంది. ఆ తొంభై రోజులు అయ్యాక బిడ్డకు నీళ్లు పోసేది ఎవరు? 2007 నుంచి తల్లిదండ్రుల భత్యంలో రెండో మనిషి కనీసం రెండు నెలలు సెలవు తీసుకుంటే మొత్తం పద్నాలుగు నెలలకు డబ్బు వస్తుంది. ఆ రెండు నెలల కోసం మొదలుపెట్టి, బిడ్డకు తలంటడం, ఉగ్గు పెట్టడం నేర్చుకున్న తెలుగు తండ్రులను చాలామందిని మేము ఎరుగుదుము. ఊళ్లో వాళ్ల నాన్న చూస్తే ఏమంటాడో తెలియదు.

ఊళ్లో కూడా ఇల్లు మునుపటిలా లేదు. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతోనే హక్కు ఇచ్చిన చట్టం రామారావుగారి ప్రభుత్వం 1986లో చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేసింది. ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లకు మాత్రం లేదు. అక్కకు లేక చెల్లెలికి వచ్చిన ఇళ్లు ఎన్నో. దేశం మొత్తానికి ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. కొడుకు తలకొరివి పెడతాడు గనుక ఆస్తి కొడుకుదే అన్న నమ్మకం చట్టం దగ్గర ఓడిపోయింది. పంపకాల రోజున అరుగు మీద మాత్రం ఇంకా కూర్చునే ఉంది. అన్నదమ్ములతో మాట పోతుందని, పసుపు కుంకుమల కింద చీర తీసుకుని సంతకం పెట్టి వచ్చే ఆడపడుచులు ఇక్కడి మన కుటుంబాలలోనూ ఉన్నారు. 2015 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఇంకో అడుగు వేసింది. ఉమ్మడి కుటుంబానికి కర్త, అంటే ఇంటి పెద్ద, వయసులో పెద్దదైతే ఆడపిల్ల కూడా కావచ్చునంది. కాథరీనాకు సంరక్షకుణ్ణి పెట్టి అప్పటికి సుమారు నాలుగు వందల డెబ్భై ఏళ్లు.

బెర్లిన్, లైప్‌జిగ్ చుట్టుపట్ల ఉన్న కుటుంబాలకు హాలే ఒక పూట ప్రయాణం. ఫ్రాంకే కట్టించిన భవనాలు ఇంకా ఉన్నాయి, లోపల మిషను కాగితాల భాండాగారం ఉంది. విట్టెన్‌బెర్గ్‌లో లూథర్ దంపతుల ఇల్లు, టోర్గావ్‌లో కాథరీనా కన్నుమూసిన ఇల్లు కూడా దగ్గరలోనే. ఈసారి సెలవులకు పిల్లల్ని తీసుకువెళ్లండి. ఆమె పొలాలు కొన్న సంగతీ, బీరు కాచిన సంగతీ, తన ఇంటి మీద తానే సంతకం పెట్టలేకపోయిన సంగతీ అక్కడ నిలబడి చెప్పండి. ఊళ్లో పొలం పంపకాలకు వచ్చినప్పుడు అత్త ఏ కాగితం మీద సంతకం పెట్టిందని పిల్లలు అడిగితే, అదీ చెప్పండి.